తుంగమ్మ నొక్కిన మూడు అవునులు

కథ మొదలుపెట్టే ముందు ఒక మాట, పిల్లలూ. ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో నాకు అక్కడక్కడ తారుమారు కావచ్చు. అయినా కథ మాత్రం మొత్తం గుర్తుంది. గుర్తున్నప్పుడే రాసి పంపుతున్నాను, వకుళ చదువుతుంటే వినండి.

అనగనగా ఒక కొండవార అడవి. ఆ అడవిలో ఒక పెద్ద ఇప్పచెట్టు. ఆ చెట్టు తొర్రలో తుంగమ్మ అనే ముసలి ఉడత ఉండేది.

ఆ అడవి ఉడతలకు ఒక చిక్కు ఉండేది. వానాకాలం కోసం గింజలు దాచుకోవడం అందరికీ వచ్చు. ఎక్కడ దాచారో మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఒక ఏడాది తుంగమ్మ కూడా తన సారపప్పంతా దాచి, ఆ చోటు మరిచిపోయి, వానాకాలమంతా చేదు చిగుళ్లు నమిలి బతికింది. అప్పటి నుంచి దానికి మరుపంటే మహా భయం.

వానలు తగ్గగానే తుంగమ్మ ఒక కంప్యూటర్ తెప్పించి తొర్రలో పెట్టుకుంది.

"ఎవరు ఏ గింజ ఎక్కడ దాచినా నాకు చెప్పండి. ఇందులో రాసి పెడతాను. మీరు మరిచినా, నేను మరిచినా, ఇది మరవదు" అంది.

ఇక రోజూ సాయంత్రం ఇప్పచెట్టు కొమ్మ మీద ఉడతలు వరసకట్టేవి.

"పెద్దమ్మా, నా సారపప్పు ఎక్కడ పెట్టాను?"

"పుట్ట వెనకాల. నీ తోకంత లోతులో."

"అత్తా, మరి నా చింతగింజలు?"

"అవి పొద్దున్నే తినేశావు కదే!"

అలా నలభై కుటుంబాల వానాకాలపు తిండి ఎక్కడెక్కడ ఉందో ఆ ఒక్క జాబితాలోకి చేరింది. అది తుంగమ్మ తప్ప ఇంకెవరూ చూడరని అందరికీ నమ్మకం.

ఉడతలకు ఇంకో అలవాటు కూడా ఉంది. గుమ్మంలో నిలబడి ఎవరైనా "రావచ్చా?" అని అడిగితే "రండి" అనాల్సిందే. "వద్దు" అంటే మర్యాద తెలియనట్టు. తుంగమ్మ పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ వద్దని ఎరగదు.

ఎండాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం తుంగమ్మ కంప్యూటర్ తెరిచేసరికి అందులో ఒక చిలక బొమ్మ కనబడింది. చిలక పక్కన ఇలా రాసి ఉంది: "అమ్మా, రోజుకో కొత్త పాట వినిపిస్తాను. అంతా ఉచితం. లోపలికి రావచ్చా?"

కింద రెండు గళ్లున్నాయి. ఒకదాని మీద "అవును" అని ఉంది. రెండోదాని మీద "వద్దు" అని ఉంది.

"పాపం, ఎంత మర్యాదగా అడుగుతోంది!" అనుకుని తుంగమ్మ "అవును" నొక్కింది.

చిలక దిగింది. ఒకటే దిగితే బాగుండేది. దాని వెనక ఇంకో పదకొండు చిలకలు దిగాయి. ఒకటి తోకకు రాసుకునే నూనె గురించి అరుస్తుంది. ఇంకొకటి పళ్లపొడి గురించి అరుస్తుంది. పాట మాత్రం ఏదీ పాడదు.

రెండు రోజులకు ఇంకో బొమ్మ వచ్చింది. "మతిమరుపు పోగొట్టే ఆట. పది రోజులు ఆడితే మీకు పుట్టినప్పటి సంగతులు కూడా గుర్తొస్తాయి. డౌన్‌లోడ్ చేసుకోమంటారా?"

తుంగమ్మ తెరకు దగ్గరగా జరిగింది. తన మనసులోని భయం దీనికెలా తెలిసింది? ఇది తన కోసమే వచ్చినట్టుంది.

అప్పుడే కంప్యూటర్ మూలలో ఒక చిన్న ఎర్ర దీపం వెలిగింది. అది కాపలా దీపం. కంప్యూటర్ బిగించిన రోజే అలుగు ఓబులేసు దాన్ని పెట్టి వెళ్లాడు. అలుగంటే తెలుసుగా పిల్లలూ, ఒంటినిండా పొలుసులుంటాయి, ఎవరైనా ముట్టుకోబోతే బంతిలా ముడుచుకుంటుంది. ఆ అడవిలో కంప్యూటర్లు బాగుచేసేది ఆ ఓబులేసే.

"ఈ వచ్చేది ఎవరో నాకు తెలియదు. రానివ్వకండి" అంది కాపలా దీపం.

"ఇంటికొచ్చిన వాళ్ల మీద అలా అరవొచ్చా? తప్పు!" అని తుంగమ్మ కాపలానే ఆపేసింది. "అవును" నొక్కింది.

ఆట వచ్చింది. ఆడబోతే ఆగిపోయేది. దాంతోపాటు కంప్యూటర్ కూడా నత్తలా అయిపోయింది. జాబితా తెరవాలంటే అరపూట పట్టేది. కొమ్మ మీద వరస పెరిగిపోయింది. అందులో పక్క కొమ్మ మీది కొండమ్మ కూడా ఉంది. దాని నోటికి ఎప్పుడూ ఊరుకునే అలవాటు లేదు.

"వదినా, నీ పెట్టె తెరుచుకునేలోపు నా చింతగింజ మొలకెత్తి, చెట్టయి, కాయలు కాసేట్టుంది" అంది కొండమ్మ.

"ఉండవే తల్లీ, దానికీ ఆయాసం వస్తుంది" అంది తుంగమ్మ.

ఆ మర్నాడే తెర అంతా ఎర్రబడింది. "అయ్యో, ప్రమాదం! మీ కంప్యూటర్‌లో తొమ్మిది వందల పురుగులున్నాయి! ఈ పురుగుల మందు వెంటనే దించుకోండి! ఆలస్యం చేస్తే అంతా చెరిగిపోతుంది!"

అంతా చెరిగిపోతుందా! జాబితా చెరిగిపోతుందా! తుంగమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. ఎవరినీ అడగలేదు. గబగబా మూడోసారి "అవును" నొక్కింది.

ఎరుపు పోయింది. తుంగమ్మ "హమ్మయ్య" అనుకుంది.

ఆ తర్వాతే అసలు గొడవ మొదలైంది.

ముందు పుట్ట వెనకాల ఉన్న సారపప్పు పోయింది. తర్వాత వాగు గట్టు మీది ఇప్పగింజలు పోయాయి. మూడో రోజు కొండమ్మ చింతగింజలు పోయాయి. ఎక్కడా వెతికిన జాడ లేదు. ఎవరో చోటు ముందే తెలిసినట్టు నేరుగా వచ్చి, ఒక్కటే గొయ్యి తవ్వి, ఉన్నదంతా ఊడ్చుకుపోయారు.

తుంగమ్మకు రెండు రోజులు ముద్ద దిగలేదు. "నేనే ఎవరికో చెప్పి మరిచిపోయానా? మాటల్లో ఎక్కడైనా జారానా? ఏమో, ఏదీ గుర్తు రావడం లేదే!" అని తనలో తనే మథనపడింది. పైన చూస్తే మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ఇంకో పది రోజుల్లో వానలు. ఉన్న గింజలు కూడా పోతే నలభై ఇళ్లలోనూ ఆకలే.

ఆ సాయంత్రం ఉడతలన్నీ ఇప్పచెట్టు మీద చేరాయి.

"వదినా, నా గింజల చోటు నీకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడేమంటావు?" అని కొండమ్మ అడిగేసింది.

తుంగమ్మ నాలిక చివర ఒక మాట ఉంది. "నువ్వే ఇంకెక్కడో దాచి మరిచిపోయి ఉంటావు" అనేస్తే చాలు. అందరూ నమ్ముతారు. ఉడతలందరికీ మరుపే కదా! కొండమ్మ కూడా తల గోక్కుంటూ వెళ్లిపోతుంది. తుంగమ్మ పరువు నిలుస్తుంది.

తుంగమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసింది. ఆ తర్వాత అంది, "నువ్వు మరిచిపోలేదు కొండమ్మా. నా కంప్యూటర్‌లోకి ఎవరెవరో వస్తామన్నారు. నేను మూడుసార్లు అవునన్నాను. కాపలా దీపం వద్దంటే దాని నోరు మూయించాను. ఆ తర్వాత నుంచే ఇదంతా. తప్పు నాది."



"మరి ముందే చెప్పొద్దా?" అంది కొండమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "పదండి, ఓబులేసును పిలుద్దాం" అంది.

ఓబులేసు వచ్చాడు. వస్తూనే నెట్ తీగ పీకేశాడు. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఒక్కో చిలకనూ ఎత్తి చూశాడు.

"అక్కా, నీ ఇంట్లో సంత పెట్టావే!" అని నవ్వాడు. చివరికి పురుగుల మందు దగ్గర ఆగాడు. ఇక నవ్వలేదు. "ఇది మందు కాదు. ఇదే పురుగు. నువ్వు ఇందులో రాసిన ప్రతి మాటా బయట ఎవరికో చేరవేస్తోంది."

"అయితే నేనెవరికీ చెప్పలేదా?" అంది తుంగమ్మ. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను మరిచిపోయి వాగలేదా?"

"లేదక్కా. నీ మతి బాగానే ఉంది. తలుపే తీసి ఉంది."

"ఆ దొంగ ఎవరో తెలుస్తుందా?"

"ఇందులో కనబడడు. వాడికి మాట అందుతుంది, అంతే."

తుంగమ్మ కాసేపు మీసాలు దువ్వుకుంది. "మాట అందుతుందా? అయితే ఇంకొక్క మాట పంపుదాం తమ్ముడూ."

ఆ రోజే ఉడతలన్నీ మిగిలిన గింజలను తవ్వుకుని కొత్త చోట్లకు మార్చుకున్నాయి. ఆ చోట్లు జాబితాలో ఎక్కించలేదు. తర్వాత ఓబులేసు నెట్ తీగ మళ్లీ తగిలించాడు. తుంగమ్మ తీరిగ్గా కూర్చుని రాసింది: "కొండమ్మ జీడిపప్పు. నల్లబండ కింద. చాలా ఎక్కువ ఉంది."

నల్లబండ కింద జీడిపప్పేమీ లేదు. గోతి నిండా దురదగొండి కాయలున్నాయి. అవి ఒంటికి తగిలితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

తెల్లవారేసరికి వాగులోంచి ఒకటే కేకలు. అందరూ పరుగెత్తి చూస్తే, పందికొక్కు కన్నాల కనకయ్య నీళ్లలో పొర్లుతున్నాడు. ముందు కాళ్లతో గోక్కుంటాడు, వెనక కాళ్లతో గోక్కుంటాడు, చాలక గట్టు రాయికేసి వీపు రుద్దుకుంటాడు.

"ఏం మామా, పొద్దున్నే స్నానమా?" అని అడిగింది కొండమ్మ.

"అబ్బే, ఊరికే... నీళ్లు చల్లగా ఉన్నాయని..."

"మా జీడిపప్పు రుచిగా ఉందా?"

"జీడిపప్పా! ఒక్క పలుకు లేదు అక్కడ!" అన్నాడు కనకయ్య. అని నాలిక కరుచుకున్నాడు.

ఇంకేముంది! ఉడతలన్నీ అతని బొరియకు వెళ్లాయి. అక్కడ అతని కంప్యూటర్‌లో తుంగమ్మ జాబితా మొత్తం తెరిచి ఉంది. తిన్నది పోగా మిగిలిన గింజలన్నీ అతని చేతే మోయించాయి. కనకయ్య రెండడుగులు వేసి గోక్కోవడం, మళ్లీ రెండడుగులు వేసి గోక్కోవడం. ఆ ఊరేగింపు చూడడానికి కుందేళ్లు కూడా వచ్చాయి.

ఓబులేసు కంప్యూటర్‌లోంచి పురుగునూ, ఆటనూ, పన్నెండు చిలకలనూ తుడిచేశాడు. కాపలా దీపం మళ్లీ వెలిగించాడు. పాస్‌వర్డ్ మార్పించాడు. కొత్త చోట్లతో మళ్లీ జాబితా రాయించి, దానికి ఇంకో నకలు తీసి, నెట్ తగలని చోట విడిగా దాచమన్నాడు.

"ఇక నుంచి ఎవరడిగినా వద్దనాలా తమ్ముడూ? నాకు నోరు రాదే" అంది తుంగమ్మ.

"ఎవరో, ఎందుకొచ్చారో తెలిసేదాకా వద్దను. తెలియకపోతే నన్నడుగు. అదేం మర్యాద తక్కువ కాదక్కా."

వానలు వచ్చాయి. మూడు వారాలు విడవకుండా కురిశాయి. ఒక్క ఇంట్లో కూడా పొయ్యి ఆరలేదు.

ఒక ముసురు సాయంత్రం కొండమ్మ తడుస్తూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "వదినా, మా చెల్లెలు పంపింది. కంప్యూటర్‌లో వేస్తే ఏ రోజు ఎంత వాన పడుతుందో ముందే చెబుతుందట. ఎంత బాగుందో! నీకూ వేసి పెడతాను."

కనకయ్య లాంటి వాడికి వద్దని చెప్పడం తేలిక. అడిగింది కొండమ్మ! దాచిన గింజ పోయినా తనను వదలని కొండమ్మ! తుంగమ్మ వెనక్కి తిరిగి కంప్యూటర్ వైపు చూసింది. అందులో నలభై ఇళ్ల జాబితా ఉంది.

"వద్దు కొండమ్మా" అంది తుంగమ్మ. "మీ చెల్లెలికి అది ఎవరిచ్చారో మనకు తెలియదు. రేపు ఓబులేసుకు చూపిద్దాం. బాగుందంటే వేసుకుందాం."

కొండమ్మ మూతి మూరెడు పొడుగైంది. "అంటే నన్నే వద్దంటున్నావా?"

"దాన్నే వద్దన్నాను. నిన్ను కాదు. నువ్వు తడిసిపోయావు, ముందు లోపలికి రా. చింతగింజలు వేయిస్తున్నాను."

కొండమ్మ ఒక్క క్షణం గుమ్మంలోనే ఆగింది. తర్వాత తోక దులుపుకుని లోపలికొచ్చి, పొయ్యి పక్కన కూర్చుని, "కాస్త ఎర్రగా వేయించు వదినా" అంది.

నీతి: ఇంటికొచ్చిన మనిషిని ఆదరించండి, కంప్యూటర్‌లోకి వస్తామని అడిగేవాళ్లను మాత్రం, ఎవరో తెలిసేదాకా వద్దనండి.

వకుళా, పిల్లలకు చదివి వినిపించే ముందు ఇందులో పేర్లు ఒకసారి సరిచూడమ్మా. తుంగమ్మను ఎక్కడైనా కొండమ్మ అని రాశానేమో.