మానేసి చేరిన సింగరి

పూర్వం ఒక విద్యాపీఠంలో విద్యార్థుల పేర్ల పట్టీ రాసే పెరుమాళ్ళయ్యకు నియమాలంటే ప్రాణం. "పట్టీకెక్కిన పేరు కొట్టెయ్యాలంటే గురువుగారి ముద్ర పడాల్సిందే. రాజుగారు చెప్పినా నా గంటం కదలదు!" అని వచ్చినవాళ్ళందరికీ వినిపించేవాడు.

గూడెంలో పసిపిల్లలు జ్వరాలతో పోతుంటే చూడలేక, మూలికలమ్ముకునే సింగరి అక్కడికి వైద్యం చదవడానికి వచ్చింది.

"పేరెక్కించాలన్నా ముద్ర కావాలి" అన్నాడు పెరుమాళ్ళయ్య.

వైద్యగురువేమో, "పట్టీలో పేరుంటేనే ముద్ర వెయ్యాలమ్మా, ఏం చెయ్యను?" అని నొచ్చుకున్నాడు.

నాలుగు రోజులు ఇద్దరి మధ్యా తిరిగేసరికి సింగరి కాళ్ళు వాచాయి. ఐదోనాడు, పాఠాలు మొదలయ్యే పొద్దున, పెరుమాళ్ళయ్య ముందు చతికిలబడింది.

"నావల్ల కాదయ్యా. చదువు మానేశానని పట్టీలో రాసెయ్యండి, వెళ్ళిపోతాను."

పీడ విరగడయిందనుకున్నాడాయన. "పేరుంటే కదా కొట్టేసేది! సరే, రాసి కొట్టేస్తాను. ఎలాగూ పోయే పేరుకు ముద్రెందుకు?" అంటూ పేరు రాశాడు. కొట్టెయ్యబోతుంటే సింగరి మెల్లగా అంది:

"గురువుగారి ముద్ర లేకుండానే కొట్టేస్తారా అయ్యా?"

గంటం గాల్లోనే ఆగిపోయింది. చేసేదిలేక పట్టీ పట్టుకుని ఆమెతోపాటు గురువు దగ్గరికి నడిచాడు.

గురువు పట్టీ చూసి, "పేరుందిగా!" అని మురిసిపోయాడు. "ఏ ముద్ర వెయ్యనమ్మా? మానేసినట్టా, చేరినట్టా?"

"చేరినట్టే స్వామీ."

మరుసటి ఏడు ఓ కుమ్మరి అలాగే నాలుగు రోజులు తిరిగి, కళ్ళనీళ్ళతో వచ్చి నిలబడ్డాడు. పెరుమాళ్ళయ్య అటూ ఇటూ చూసి, గంటం అందుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"ముందు మానేస్తానని చెప్పు నాయనా."