ఒట్టి గిన్నె

కాళ్ళు కడుక్కున్నారా? ప్రార్థన చేసుకున్నారా? అయితే పడుకోండి. ఒరేయ్ జోయెలూ, దుప్పటంతా నువ్వే లాక్కుంటే చెల్లి ఏం కప్పుకుంటుంది? ఇటివ్వు. ఊ కొట్టేవాళ్ళకే కథ, గుర్రుపెట్టేవాళ్ళకి లేదు.

అనగనగా అన్నాను కదా అని రాజు కోసం చూడకండి. ఈ ఊళ్ళో రాజు లేడు, కోటా లేదు. కాలవ గట్టున ఒక పల్లె. ఆ పల్లెలో ఒక చర్చి, చర్చి వెనక ఒక పెంకుటిల్లు, ఆ పెంకుటింట్లో దెబోరమ్మ అని ఒక అత్తగారు. అత్తగారుంటే కోడలుండాలిగా, ఉంది. ఆమె పేరు కృపావతి. కోడలుంటే కొడుకుండాలిగా, వాడూ ఉన్నాడు, శామ్యూలు. మనిషి బంగారమే గానీ బుర్ర కాస్త నిదానం. వాళ్ళకి ఇద్దరు పిల్లలు. పిల్ల పేరు రిబ్కా, బళ్ళో అక్షరాలు నేర్చింది. పిల్లాడు బుడ్డోడు. వాడికి అసలు పేరేదో పెద్దదే పెట్టారు, ఒక్కరూ పిలిచిన పాపాన పోలేదు.

ఆ ఊళ్ళో క్రిస్మస్ నెల వచ్చిందంటే ఇంటింటా బాణలి పొయ్యెక్కేది. అరిసెలు, గవ్వలు, జంతికలు. చేసినవాళ్ళు చేసినట్టు గిన్నెల్లో పెట్టి ఇరుగుపొరుగుకి పంపేవాళ్ళు. అయితే ఆ గిన్నె ఒట్టిది తిరిగి పంపకూడదు. మీ అమ్మ ఇప్పటికీ పక్కింటావిడ గిన్నెలో చారెడు పంచదారైనా వేసి ఇస్తుంది, చూళ్ళేదూ? అదే. దెబోరమ్మకి ఈ పట్టింపు మరీ ఎక్కువ. సగం గిన్నె వస్తే నిండు గిన్నె పంపేది. పంపలేకపోతే తల కొట్టేసినంత పనయ్యేది.

ఊ కొడుతున్నారా? ఆ.

ఆ ఏడు కోతల ముందు తుఫానొచ్చింది. వీళ్ళ పొలం పల్లంలో ఉంది, చేనంతా నీళ్ళలో పడిపోయింది. డబ్బాలో బియ్యం అడుగంటాయి. మెరక మీద పొలాలున్నవాళ్ళకి మాత్రం పంట చేతికొచ్చింది. వాళ్ళు పాపం, వీళ్ళింట్లో ఈసారి పొయ్యి మీద బాణలి పెట్టరని తెలిసి ఎప్పటికంటే ఎక్కువే పంపారు. గిన్నె వచ్చింది. గిన్నె మీద గిన్నె వచ్చింది. దాని మీద ఇంకో గిన్నె వచ్చింది. పిల్లలు తింటున్నారు, దెబోరమ్మ ఆ గిన్నెల వంక చూసి కుమిలిపోతోంది.

చివరికి తేల్చి చెప్పేసిందట. ఈసారి మనింట్లో పండగ లేదు, గిన్నెల్లో ఏమీ పెట్టి పంపలేనప్పుడు వాళ్ళ మొహాలు చూస్తూ చర్చిలో కూర్చోలేను, పండగ రోజున తలుపేసుకుని ఇంట్లోనే ఉందాం అంది. రిబ్కా గొల్లుమంది. పండక్కి చర్చిలో వేసే నాటకంలో దానికి దేవదూత వేషం ఇచ్చారు, తెల్ల గౌను కూడా అరువు తెచ్చుకుంది. బుడ్డోడికి గొర్రెపిల్ల వేషం. వాడు అప్పటికే మాటలు మానేసి రోజంతా మే మే అంటున్నాడు.

కృపావతి అత్తకి ఎదురు చెప్పే రకం కాదు, అలాగని ఊరుకునే రకమూ కాదు. గిన్నెలో తినేదే పెట్టాలని ఎవరన్నారు అత్తయ్యా అని మెల్లిగా అడిగిందట. తినేది కాకపోతే చెత్త పెడతావా అందిట దెబోరమ్మ. పెడతాను, మీరు చూస్తూ ఉండండి అని మొగుణ్ణి తాటాకులకి పంపింది.

ఆ శామ్యూలు ఏం చేశాడో తెలుసా? ఎండి గలగలలాడే ముదురాకులు మోపు కట్టి తెచ్చాడు. ఎక్కువ కనిపించాయి, తెచ్చాను అన్నాడు. మడిస్తే పుటుక్కున విరుగుతున్నాయి. వాటిని పొయ్యి కింద పెట్టి, ఈసారి లేతాకు తెమ్మని మళ్ళీ పంపింది. లేతాకు వచ్చింది. వచ్చిన ఆకు నీళ్ళలో నానింది. నానిన ఆకుని రిబ్కా చీల్చింది. చీల్చిన ఆకుని కృపావతి అల్లింది. అల్లుతున్న దాంట్లో బుడ్డోడు చింతపిక్కలు వేశాడు. మూసేస్తే గిలక్కాయ అయింది. చంటిపిల్లలున్న ఇంటి గిన్నెలో గిలక్కాయ పెట్టారు. నీళ్ళ బిందెలు ఎక్కువున్న ఇంటికి, పాత చీర చింపి చుట్టి, బిందె దొర్లకుండా కింద పెట్టుకునే కుదురు. ముసలామె ఒక్కత్తీ ఉండే ఇంటికి కొబ్బరిచిప్ప నున్నగా గీకి, వెదురుపుల్ల దిగ్గొట్టి, గరిటె. వీధి గుమ్మం ఉన్నవాళ్ళకి వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, మైదా జిగురు కాచి రంగు కాగితాలు అంటించారు. ఆ జిగురులో సగం బుడ్డోడి జుట్టుకే పోయింది. ఇందులో కొన్నదంటూ ఉంటే ఆ కాగితాలే. ఎవరింటికేం కావాలో మాత్రం బాగా ఆలోచించారు.

దెయ్యమా? ఈ కథలో దెయ్యం కావాలా నీకు? సరే, ఉంది. శామ్యూలు గోడలకి సున్నం కొడుతూ నెత్తిన పోసుకున్నాడు. తెల్లగా అలా గుమ్మంలోకి వచ్చేసరికి బుడ్డోడు కెవ్వుమని మంచం కింద దూరాడు. అదే దెయ్యం. చాలా? ఇక ఊ కొట్టు.

గిన్నెలన్నీ నిండాయి. అప్పుడు బుడ్డోడు తను సొంతంగా అల్లిన గిలక్కాయ పట్టుకొచ్చాడు. అది ఎటు చూసినా వంకరే. ఒక మూల నుంచి చింతపిక్కలు కారిపోతున్నాయి. దానికి గిన్నె మిగల్లేదు. నాది కూడా ఇవ్వాలి అని వాడు కింద పడి దొర్లాడు. వాణ్ణి ఊరుకోబెట్టడానికి రిబ్కా అటకెక్కి వెతికితే, మూలన నల్లగా మాసిన ఇత్తడి గిన్నె ఒకటి దొరికింది. కాలవ దగ్గర చింతపండు పెట్టి తోమితే అంచు మీద కొట్టించిన పేరు కనపడింది, లేయమ్మ అని. లేయమ్మ ఎవరో వాళ్ళకి తెలుసు, కాలవ అవతల ఇల్లు. వంతెన దాటి పిల్లలిద్దరూ ఇచ్చేసి వచ్చారు.

మిగతా గిన్నెలు పంచి కృపావతి ఇంటికొచ్చింది. ఎవరూ నవ్వలేదు అత్తయ్యా, ముసలామె అప్పుడే గరిటెతో చారు కలుపుతోంది అని చెప్పింది. దెబోరమ్మ మొహం కాస్త తేటపడింది. అంతలో బుడ్డోడు, నాది లేయమ్మకి ఇచ్చాం అన్నాడు. అంతే, దెబోరమ్మ ఉన్నచోటే కూలబడింది.

ఎందుకంటే, శామ్యూలు పసివాడుగా ఉన్నప్పుడు జ్వరమొచ్చి చావుబతుకుల్లో పడ్డాడు. అప్పుడు దెబోరమ్మకీ లేయమ్మకీ ప్రాణస్నేహం. నాట్లేసినా పక్కపక్కనే, చర్చిలో కూర్చున్నా పక్కపక్కనే. రోజూ లేయమ్మ ఆ గిన్నెలో జావ కాచి తెచ్చి, పిల్లాడి నోట్లో ఒక్కో చెంచా పోసేది. వాడు బతికాడు. గిన్నె ఇక్కడే ఉండిపోయింది. కొడుకుని బతికించిన గిన్నెలో ఏం పెట్టి పంపను అని దెబోరమ్మ ఆలోచించింది. అరిసెలు చాలవనుకుంది. ఈ పండక్కి కాదు, వచ్చే పండక్కి ఏదన్నా గొప్పది పెడదామనుకుంది. పండగలు వస్తున్నాయి, పోతున్నాయి. సిగ్గేసి లేయమ్మ ఎదురొస్తే పక్క సందులోకి తప్పుకునేది. అన్నేళ్ళ తర్వాత ఆ గిన్నెలో వంకర గిలక్కాయ వెళ్ళింది. లేయమ్మ ఇంకేం అనుకుంటుంది అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తలుపు గడియ పెట్టమంది.

పెట్టేలోపే లేయమ్మ వచ్చేసింది. చేతిలో అదే గిన్నె. పోట్లాటకే వచ్చిందని శామ్యూలు గోడ వెనక్కి వెళ్ళాడు. లేయమ్మ చెప్పులిడిచి లోపలికొచ్చి, గిన్నెని దెబోరమ్మ ముందు బోర్లించి పెట్టింది.

"చూడవే, ఒట్టి గిన్నె తెచ్చాను. లోపలికి రానిస్తావా, పొమ్మంటావా?" అంది.

నా మీద ఏం కోపమొచ్చిందని మొహం చాటేశావు, నేనేం తప్పు చేశానో అని ఇన్నేళ్ళూ నాలో నేనే నలిగిపోయాను అని లేయమ్మ ఏడ్చింది. ఈ గిన్నెలో పెట్టడానికి తగింది నా దగ్గర ఏముందే, అందుకే రాలేకపోయాను అని దెబోరమ్మా ఏడ్చింది.

"జావ తాగిన పిల్లాడు బతికాడు. వాడి కొడుకు తన చేత్తో అల్లి నా గుమ్మంలోకి తెచ్చిచ్చాడు. ఇంకేం పెడతావే ఇందులో?" అంది లేయమ్మ.

మరి గిలక్కాయేది అని బుడ్డోడు అడిగితే, అది నాది, ఇవ్వను అందిట.

మర్నాడు పండగ. దేవదూత తన మాటలన్నీ తప్పులేకుండా చెప్పింది, గొర్రెపిల్ల అక్కర్లేని చోట కూడా అరిచింది. దెబోరమ్మ పాత చీరతోనే వెళ్ళి లేయమ్మ పక్కన కూర్చుంది. అందరూ సుఖంగా ఉన్నారు.

కాబట్టి మీరు మీ నేస్తాలకి ఏం ఇవ్వాలా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. రేపు కత్తెరా, కాగితాలూ తెస్తాను, మీ చేతులతో చేసివ్వండి. వంకరగా వస్తే రానివ్వండి. ఏమీ లేకపోయినా సరే, వెళ్ళడం మాత్రం మానకండి. జోయెలూ, ఊ ఏదీ? నిద్రపోయాడు. సరే, కంచికెళ్ళే కథ వెళ్ళిపోయింది, మనం దుప్పట్లోకి దూరదాం. చిన్నదానా, నువ్వూ కళ్ళు మూసుకో.