ముల్లు మాత్రమే చూసిన మాస్టారు

సముద్రపు ఒడ్డున గరికిపేటలో తవిటినాయుడు అనే కబడ్డీ మాస్టారు ఉండేవాడు. ఆయన కంటికి తప్పు తప్ప మరొకటి ఆనేది కాదు.

ఒళ్ళు దాచుకునే మనిషి కాదాయన. క్రీడా కేంద్రం వాళ్ళిచ్చే జీతానికి రెట్టింపు కష్టపడేవాడు. పొద్దు పొడవకముందే ఇసుక మీద నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీసి, మెడలో ఈల వేసుకుని ఆడపిల్లల జట్టు కోసం ఎదురుచూసేవాడు. కానీ ఆ ఈల తప్పుకే మోగేది. కాలు జారితే ఈల. పట్టు వదిలితే ఈల. కూత సన్నగిల్లితే ఈల. ఏ పిల్లైనా మెరుపులా వెళ్ళి ఇద్దరిని ముట్టుకుని వస్తే మాత్రం ఆయన ఈల నోట్లోంచి తీసి, చొక్కాకు తుడుచుకుని, మళ్ళీ నోట్లో పెట్టుకునేవాడు. అంతే.

సాయంత్రం ఆట అయిపోయాక ఇంకో తతంగం ఉండేది. పిల్లలు దానికి తప్పుల పంచాయతీ అని పేరు పెట్టుకున్నారు. అందరూ ఇసుకలో గుండ్రంగా కూర్చోవాలి. ఒక్కొక్కరి తప్పు మాస్టారు చెప్పాలి. ఆ పిల్ల లేచి నిలబడి, దాన్ని అందరికీ వినిపించేలా గట్టిగా మళ్ళీ చెప్పాలి. పున్నమి రోజుల్లో అవతల నీళ్ళ మీద చందమామ పసుపు రాసుకున్న కొత్త పెళ్ళికూతురిలా తొంగిచూసేది. ఆయన ఒక్కనాడూ అటు తలతిప్పి చూడలేదు.

ఇంట్లోనూ అదే తీరు. భార్య అప్పాయమ్మ చేపల పులుసు పెట్టి, "ఎలా ఉంది?" అని అడిగితే, "ముల్లుంది" అనేవాడు.

"చేపకు ముల్లుండక ఈకలుంటాయా?" అనేది అప్పాయమ్మ.

ఆ జట్టులో నీలవేణి అనే పిల్ల ఉండేది. కూతకు వెళ్ళిందంటే ఆ పిల్ల నేల మీద ఉన్నట్టే ఉండేది కాదు. కెరటం వచ్చి పాదాలు తడిపి వెనక్కి పోయినట్టు వెళ్ళేది, ముట్టుకునేది, వచ్చేసేది. తల్లి దానమ్మ రొయ్యల కంపెనీలో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచేది. "ఈ ఏడు రాష్ట్రం జట్టులో నీ పేరొస్తే సరే. హాస్టల్లో తిండి పెడతారు, చదివిస్తారు. రాకపోతే నాతోపాటు కంపెనీకే. ఇంక నావల్ల కాదమ్మీ" అని ఆమె ముందే చెప్పేసింది.

జిల్లా పోటీలు వచ్చాయి. రాష్ట్రం జట్టుకు పిల్లలను ఎంచే పెద్దలు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. సెమీఫైనల్లో గరికిపేట జట్టు ఓడిపోయే గడియలో నీలవేణి కూతకు వెళ్ళింది. ఎదుటివాళ్ళు చుట్టుముట్టారు. ఆమె వెనక్కి తిరిగినట్టే తిరిగి, ఎడమ మడమతో వెనక్కి ఒక్క తాపు విసిరింది. ఇద్దరికి తగిలింది. వాళ్ళకు తగిలిన సంగతి తెలిసేలోపే మధ్య గీత చేరుకుంది. మైదానమంతా ఈలలు. జట్టు గెలిచింది.

అయితే అదే ఆటలో, అంతకుముందు, ఒకసారి ఆమె కాలు హద్దు గీత దాటి పడింది. ఆ సాయంత్రం పంచాయతీలో మాస్టారికి అదే కనబడింది.

"గీత! కళ్ళుండీ గీత దాటావు! రేపు ఫైనల్లో కూడా ఇలాగే చేస్తావా? లే! చెప్పు!"

"గీత దాటాను" అంది నీలవేణి.

"సముద్రానికి వినబడాలి!"

"గీత దాటాను!"

చీకటి పడేదాకా ఆమెను ఆ గీత పక్కనే అటూ ఇటూ నడిపించాడు. "గీత చూడు, గీత చూడు" అంటూ వెనకే తిరిగాడు. ఆమె గెలిపించిన కూత మాట ఆయన ఎత్తలేదు. ఇంకెవరూ ఎత్తే ధైర్యం చేయలేదు.

మర్నాడు ఫైనల్. నీలవేణి కూతకు వెళ్ళింది. తల వంచుకుని వెళ్ళింది. కళ్ళు సున్నపు గీత మీదే ఉన్నాయి. ఎదుటి పిల్ల వంగి చీలమండ పట్టుకుంది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. సగం ఆట అయ్యేసరికి జట్టు బాగా వెనకబడింది. తవిటినాయుడి ముఖం కందగడ్డలా అయింది.

"కళ్ళెక్కడ పెట్టావే? ఎదురుగా మనుషులు కనబడటం లేదా?"

నీలవేణి తలెత్తింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు లేవు, నిప్పులున్నాయి.

"మీరు పెట్టమన్న చోటే పెట్టాను మాస్టారూ! గీత మీద!"

"ఎదురు మాట్లాడతావా?"

"మాట్లాడతాను! నేను బాగా చేసింది ఒక్కటి చెప్పండి. ఒక్కటంటే ఒక్కటి. అది చెవిలో వేసుకుని లోపలికి వెళ్తాను."

మిగతా పిల్లలు నీళ్ళ సీసాలు నోటి దగ్గరే పెట్టుకుని ఆగిపోయారు. మాస్టారు నోరు తెరిచాడు. లోపల వెతికాడు. చేతికి తగిలినవన్నీ తప్పులే. కుడి పక్కకే వంగుతుంది, కూత మధ్యలో ఊపిరి తడబడుతుంది, గీత దాటింది. ఇంకేదో ఉండాలని ఆయనకూ తెలుసు. అది మాత్రం దొరకలేదు. జవాబు దొరకనివాడికి కోపమే దిక్కు.

"పొగడ్డానికి నేనేమైనా నీ మేనమామనా? పో! ఆడు!" అని అరిచాడు.

ఆమె వెళ్ళింది. తల వంచుకునే ఆడింది. జట్టు ఓడిపోయింది. ఎంచిన పిల్లల పేర్లు మైకులో పిలిచారు. అందులో నీలవేణి పేరు లేదు.

తర్వాత ఆమె ఆటకు రాలేదు. రొయ్యల కంపెనీకి వెళ్తోందని తెలిసింది. తవిటినాయుడు మండిపడ్డాడు. ఎంచినవాళ్ళకు కళ్ళు లేవన్నాడు. మైదానం వంకర అన్నాడు. ఆ పిల్లకు పొగరన్నాడు. అలా తిట్టుకుంటూనే ఒక పొద్దున జట్టును ఆడిస్తుంటే ఆయనకు ఒక వింత కనబడింది. కూతకు వెళ్ళిన ప్రతి పిల్లా తల వంచుకునే వెళ్తోంది.

"తలెత్తండే! ఇసుకలో ముక్కుపుడక పోగొట్టుకున్నారా?"

"గీత చూసుకుంటున్నాం మాస్టారూ" అంది కెప్టెన్ తులసమ్మ. "నీలవేణికి పడ్డ తిట్లు మాకూ పడతాయని."

"తిట్లు సరే. ఆ పిల్ల ఆట గురించి మీకు ఏం గుర్తుంది? చెప్పండి."

పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు గబగబా చెప్పేశారు. "గీత దాటుతుంది." "కుడి పక్కకే వంగుతుంది." "ఊపిరి తడబడుతుంది."

"మరి సెమీఫైనల్ ఎలా గెలిపించింది?"

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవరికీ గుర్తు రాలేదు. మైదానమంతా లేచి నిలబడిన ఆ కూత ఆ జట్టులో ఒక్కరికీ గుర్తులేదు. తప్పులు మాత్రం అందరికీ కంఠతా వచ్చు. ఎందుకు రావు? ఆయనే కదా వాళ్ళ నోట పలికించింది!

తవిటినాయుడు ఈల తీసి ఇసుకలోకి విసిరికొట్టాడు. అప్పటిదాకా లోకం మీద ఉన్న కోపమంతా ఒక్కసారిగా తన మీదకే తిరిగింది. ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. పులుసులోంచి ముల్లు తీసి చూస్తూ ఉండిపోయాడు.

"తీశారుగా? పక్కన పెట్టండి" అంది అప్పాయమ్మ. "ఇంక చేపను కూడా కాస్త తినండి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ముళ్ళన్నీ ఒక్కొక్కటే పక్కకు తీసినట్టు తీశాడు. గీత, కుడి పక్క, ఊపిరి. అవన్నీ పోయాక అడుగున ఎడమ మడమ కనబడింది! వెనక్కి తిరిగినట్టే తిరిగి విసిరిన ఆ తాపు కనబడింది. తన కళ్ళతో చూశాడు. చూసి ఈల తుడుచుకున్నాడు. కంచం వదిలి లేచి, నేరుగా దానమ్మ ఇంటికి నడిచాడు.

దానమ్మ గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది.

"ఏటి మాస్టారూ, ఇంకా ఏదైనా తప్పు సెప్పడం మిగిలిపోనాదేటి?"

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. లోపలి నుంచి నీలవేణి వచ్చింది. ఐసు నీళ్ళకు ఆమె వేళ్ళు పాలిపోయి, ముడతలు పడి ఉన్నాయి. గాలిని ముట్టుకుని వచ్చే వేళ్ళవి! ఆ వేళ్ళ మీంచి చూపు తిప్పకుండానే ఆయన అన్నాడు.

"నువ్వు అడిగిన ఒక్కటి చెప్పడానికి వచ్చానమ్మా. నీ ఎడమ మడమ. వెనక్కి తిరిగేటప్పుడు నీ భుజం కదలదు. అందుకే తాపు వస్తోందని ఎదుటివాళ్ళకు తెలియదు. అది నేను నేర్పింది కాదు, నీదే. సెమీఫైనల్ దానితోనే గెలిచాం."

నీలవేణి పొంగిపోలేదు. పళ్ళు బిగించింది.

"ఈ మాట సగం ఆటప్పుడు చెప్పుంటే?"

"తలెత్తి ఆడేదానివి. నీ పేరు కూడా పిలిచేవారేమో."

"అయితే తప్పెవరిది?"

"నాది."

"లేచి నిలబడి చెప్పండి మాస్టారూ. గట్టిగా. సముద్రానికి వినబడాలి."

వీధిలో వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. తవిటినాయుడి చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ళుగా తాను నిలబెట్టిన పిల్లలకు ఎలా ఉండేదో అప్పుడు అర్థమైంది. అయినా లేచాడు.

"నేను నీ తప్పే చూశాను! నీ ఆట చూడలేదు! తప్పు నాది!"

నీలవేణి బిగించిన పళ్ళు వదిలింది.

"రేపు వస్తాను. కానీ నా కోపం పోలేదు."

"పోనక్కర్లేదు. కోపంతోనే రా."

దానమ్మ గుమ్మంలోంచి పక్కకు జరిగింది. "ఈ ఒక్క ఏడూ సూస్తాను మాస్టారూ. పొద్దున్న మీ ఆట, మద్దినేల నా కంపెనీ. మళ్ళీ ఏడు పేరు రాకపోతే నా గుమ్మం తొక్కకండి" అంది.

ఆనాటి నుంచి పంచాయతీ మారింది. తప్పు చెప్పడం ఆయన మానలేదు. తప్పును దాచే మాస్టారు కూడా ద్రోహే. కానీ తప్పు చెప్పేముందు, ఆ పిల్ల ఆటలో నిజంగా తాను చూసిన మంచి ఒకటి చెప్పాలని తనకు తానే కట్టడి పెట్టుకున్నాడు. ఆ మంచినే ఆ పిల్ల లేచి గట్టిగా తిరిగి చెప్పాలి. మొదట్లో ఆయనకు చెమటలు పట్టేవి. ఉత్తుత్తి పొగడ్త నోట రాదు, నిజమైనది కంట పడదు. చూడగా చూడగా కన్ను అలవాటు పడింది. నీలవేణికి మడమ సంగతీ చెప్పాడు, గీత సంగతీ చెప్పాడు. "గీతను కాలికి అప్పజెప్పు. కళ్ళు మనుషుల మీద పెట్టు" అన్నాడు.

మరుసటి ఏడు జిల్లా పోటీల్లో నీలవేణి తలెత్తి ఆడింది. మైకులో మొట్టమొదట ఆమె పేరే పిలిచారు. ఆమె ఇసుక కాళ్ళతో పరుగెత్తుకుంటూ మాస్టారి దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, ఇవాళ ఎక్కడ తప్పు చేశానో చెప్పండి!"

అన్నేళ్ళలో ఆయనను అలా అడిగిన పిల్ల ఆమె ఒక్కతే. తవిటినాయుడు నవ్వబోయాడు, కానీ నవ్వు రాలేదు. ఆమె వేళ్ళ మీద ఐసు నీళ్ళ ముడతలు ఇంకా ఉన్నాయి. పోయిన ఆ ఏడాదిని ఏ ఈల ఊది వెనక్కి పిలుస్తాడు?

నీతి: ముల్లు తీయకుండా చేప తినకూడదు, ముల్లే చేప అని లేచిపోనూ కూడదు, శిష్యుల తప్పును చూసిన కంటితోనే వాళ్ళ మంచినీ వెతికి చూసి చెప్పేవాడే గురువు.