దుంగలు వద్దు, వడ్రంగులు కావాలి

ఆ వేసవిలో కార్చిచ్చు రేగి కొండ దక్షిణపు వాలంతా బూడిద చేసిపోయింది. తొర్రలు, పొదలు, బొరియల మీది కప్పులు ఏవీ మిగల్లేదు. ఇళ్లు పోయినవాళ్లంతా ఏటి ఒడ్డున బండల సందుల్లో తలదాచుకున్నారు. వాళ్లలో కుందేలు సూరమ్మ ఒకతె. చంటిపిల్లల తల్లి. వానలు పడేలోగా ఒక చెక్క ఇల్లు నిలబెట్టుకుంటే చాలనుకుంది.

ఆ అడవిలో కలప అడితి నక్క గవరయ్యది. అయితే కొన్నేళ్లుగా ఏటి అవతలి అడవి నుంచి కూడా దుంగలు నీళ్ల మీద తేలి వస్తున్నాయి. ఆ దుంగల మీదే వడ్రంగిపిట్టలు కూర్చుని వచ్చేవి. పగలంతా చెక్కి, తొలిచి, ఇల్లు చేసిపెట్టి పొద్దు వాలేసరికి వెళ్లిపోయేవి. దుంగల్ని ఒడ్డుకి లాగే పని దున్నపోతు ఎర్రన్నది. ఈ ఏర్పాటు అందరికీ నచ్చింది, ఒక్క గవరయ్యకి తప్ప.

కాలిన కొండ మీద పొగ ఇంకా ఆరకముందే అతను సింహం దొర కొలువుకి బయల్దేరాడు. నాలుగు ఎలుగుబంట్లని, కొన్ని ముళ్లపందుల్ని వెంటబెట్టుకుని, తాము కలప వర్తకుల సంఘం అని చెప్పుకున్నాడు. అవతలి కలప బెరడు కింద అంతా పురుగేనని, ఆ పురుగు మన చెట్లకి అంటుకుంటే నిప్పు వదిలేసినవి కూడా దక్కవని విన్నవించాడు. తన అడితిలో కలపకి పురుగన్నదే తెలియదన్నాడు. ఇళ్లు పోయినవాళ్ల గురించి చెబుతూ కళ్లు కూడా తుడుచుకున్నాడు. దొర మంచివాడే కానీ, ఎదురుగా ఎవరు నిలబడితే వాళ్ల మాటే వింటాడు. ఏటికి అడ్డంగా వెదురు తడిక కట్టించి, అవతలి దుంగ ఒక్కటీ ఇటు రాకూడదని ఉత్తర్వు వేశాడు.

తడిక పడిన రోజే ఎర్రన్న పని పోయింది. మర్నాటి నుంచి పిట్టలూ రావడం మానేశాయి. ఇప్పుడు అడితి నిండా కలప ఉంది, దాన్ని ఇల్లుగా మలిచేవాళ్లు లేరు. ఉత్త దుంగని ఎవరు కొంటారు? కొని ఏం చేసుకుంటారు?

గవరయ్య మళ్లీ కొలువుకెళ్లాడు. పనివాళ్లు దొరక్క తమ సంఘం అల్లాడిపోతోందని, అవతలి పిట్టల్ని రమ్మని ఆజ్ఞాపించమని అడిగాడు. దొర ఆజ్ఞ పంపాడు. ఆ పిట్టలు ఆయన ఏలుబడిలోవి కావు. జవాబు కూడా రాలేదు.

ఇంకోసారి వెళ్లాడు. మన కోతులకే వడ్రంగం నేర్పిస్తే పోతుందన్నాడు. దొర దానికీ సరేనన్నాడు. కోతులు కొద్ది రోజులు నేర్చుకుని, ఆ విద్యంతా ముందుగా అడితి దుంగలతో సూరమ్మకి కట్టిన ఇంటి మీద చూపించాయి. పిల్లలు లోపల అడుగుపెట్టగానే ఆ ఇల్లు ఒక పక్కకి ఒరిగి కూలింది. దెబ్బలు తగలకపోవడం అదృష్టం. సూరమ్మ పిల్లల్ని ఒక్కొక్కర్నే బయటికి లాగి, చెక్కల కుప్ప ముందు కూలబడింది. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఆమె నేరుగా అడితికి వెళ్లింది. గవరయ్య ఆమెని కూర్చోబెట్టి, కొంచెం ఓపిక పట్టమని, రేపు మళ్లీ కొలువుకెళ్లి ఆమె తరఫున మాట్లాడతానని చెప్పాడు.

"మీరు మా తరఫున మాట్లాడటం మానేస్తే చాలండి, మా ఇళ్లు వాటంతటవే లేస్తాయి" అని ఆమె లేచి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నమే తొలి వాన పడింది. బండ సందులోకి నీళ్లు వచ్చి, ఆఖరి పిల్ల తడిసి, జ్వరంతో దాని ఒళ్లు కాలిపోయింది. సూరమ్మ ఆ పిల్లని పక్క సందులో ఉంటున్న ఉడుతకి అప్పజెప్పి, ఎర్రన్న దగ్గరికి వెళ్లి ఏరు దాటించమంది. ఎర్రన్న వెంటనే వీపు వంచాడు.

అవతలి ఒడ్డున పిట్టల పెద్ద చెంచయ్య ఆమె కష్టమంతా విన్నాడు. జాలిపడ్డాడు కూడా. కానీ దాచకుండా చెప్పాడు.

"మేము ఇళ్లు కట్టడానికి వచ్చేవాళ్లం అనుకున్నారా తల్లీ? మా తిండి బెరడు కింద పురుగు. దాన్ని తవ్వుకుంటూ మీ ఇల్లు తొలిచిపెట్టేవాళ్లం. పురుగున్న దుంగ ఉంటే రేపే వస్తాం. లేనిచోటికి పిల్లల్ని ఆకలితో ఉంచి ఎలా వస్తాం?"

తిరిగి ఇవతలి ఒడ్డు చేరాక, రేపు తనతో కొలువుకి రమ్మని ఎర్రన్నని అడిగింది.

మర్నాడు వాళ్లు వెళ్లేసరికి గవరయ్య అప్పటికే దొర ముందున్నాడు. పనివాళ్ల కొరత గురించే చెబుతున్నాడు. దొర కళ్లు మూసుకుని వింటున్నాడు, విసుగు ముఖం మీదే కనిపిస్తోంది. సూరమ్మ దణ్ణం పెట్టి, పిట్టలు రావడానికి ఒప్పుకున్నాయని చెప్పింది. గవరయ్య చెవులు నిక్కించాడు.

"ఒక్కటే అడిగాయి దొరా. పురుగు పట్టిన దుంగలుంటేనే వస్తాయట. గవరయ్యగారి అడితిలో అలాంటివి ఉన్నాయో లేవో నాకు తెలియదు."

గవరయ్య క్షణం ఆగలేదు. పిట్టలు వస్తే చాలు, కలపంతా అమ్ముడైపోతుందన్నదొక్కటే అతని బుర్రలో ఉంది.

"ఎందుకు లేవు దొరా? నా అడితిలో ఏ దుంగ లేపి చూసినా పురుగే. ఎన్ని కావాలంటే అన్ని."

దొర నెమ్మదిగా కళ్లు తెరిచాడు.

"మరి అవతలి దుంగల్ని ఏం చూపించి ఆపించావు గవరయ్యా?"

గవరయ్య వెనక్కి తిరిగి సంఘం వైపు చూశాడు. ఎలుగుబంట్లు నేల చూపులు చూస్తున్నాయి. ముళ్లపందులు అప్పటికే గుమ్మం దాటుతున్నాయి.

వచ్చిన ప్రతిసారీ నువ్వు చెప్పినట్టే చేశాను, ప్రతిసారీ ఇంకొకరు నష్టపోయారని దొర అన్నాడు. ఆ మాట గవరయ్యతో అన్నాడో తనతో తనే అన్నాడో తెలియదు. వెంటనే తడిక తీసెయ్యమని ఎర్రన్నకే చెప్పాడు.

దుంగలు వచ్చాయి, వాటి మీద పిట్టలూ వచ్చాయి. వాన మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. చాలామంది ఇళ్లు తడుస్తూనే కట్టుకోవాల్సి వచ్చింది. సూరమ్మ ఇల్లు లేచిన రోజున చంటిదానికి జ్వరం దిగింది. అది పాలు తాగి, పొడి చెక్క మీద నిద్రపోయింది. తల్లి దాని పక్కనే కూర్చుని, కప్పు మీద చినుకుల చప్పుడు వింటూ ఉండిపోయింది.

తన కలపకి పురుగే తెలియదన్న మాట అబద్ధమని గవరయ్య నోటితోనే తేలాక ఆ అడితి కలపని ఇంటికి ఎవరూ అడగలేదు. పిట్టలు మాత్రం తీరిక దొరికినప్పుడల్లా అక్కడ వాలి, కడుపు నిండా తిని, దుంగలన్నిటినీ జల్లెడ చేసి వెళ్లేవి. చివరికి ఆ కలప పొయ్యిల్లోకి పోయింది.

సరుకు రాకుండా దారి మూసి, ఆ దారినే పనివాళ్లు మాత్రం రావాలనుకునేవాడికి చివరికి రెండూ దక్కవు.