కోదండం కొన్న వెండిరంగు ల్యాప్‌టాప్

ఇప్పలకోన అనే అడవిలో దుప్పులు, కుందేళ్లు, ఎలుగుబంట్లు, అడవిపందులు కలిసిమెలిసి బతికేవి. ఇప్పపూలకూ తేనెకూ ఆ కోనలో కొదవ లేదు. లేనిదల్లా డాక్టరే.

డాక్టరు కావాలంటే కొండలు దాటి పెద్దచెరువు దాకా పోవాలి. అక్కడ ఒక కొంగ డాక్టరు ఉండేవాడు, హస్తవాసి మంచిదని పేరు. కానీ జబ్బుపడ్డవాళ్లు అంత దూరం నడిచేసరికి దారిలోనే సగం ప్రాణం పోయేది. చివరికి ఆయనే ఒకరోజు కబురు పంపాడు.

"ఒక ల్యాప్‌టాప్ కొనుక్కోండి. మీ కొండ మీద టవర్ ఎలాగూ ఉంది. వీడియోలో రోగిని చూపిస్తే ఏం చెయ్యాలో ఇక్కడి నుంచే చెబుతాను."

అందరికీ ప్రాణం లేచొచ్చింది. తేనె పిండారు, జిగురు తీశారు, కుంకుడుకాయలు ఏరారు. అన్నీ ఒకచోట పోగేశాక, సంతకు వెళ్లి ల్యాప్‌టాప్ ఎవరు తేవాలన్న ప్రశ్న వచ్చింది.

"నేనున్నానుగా!" అన్నాడు కొండముచ్చు కోదండం. "పట్నంలో ఏడాది ఉన్నవాణ్ణి. నాకు తెలియని ల్యాప్‌టాప్ ఉందా?"

కోదండం పట్నంలో ఉన్న మాట నిజమే. ఒక ఆఫీసు ప్రహరీ మీద కూర్చుని, కిటికీలోంచి ల్యాప్‌టాప్‌లను చూసిన మాటా నిజమే. ఒక్కదాన్నీ ముట్టుకోలేదన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

దుప్పి సూరమ్మ ఎదురొచ్చి, "జాగ్రత్తగా చూసి తే కోదండం మామా. పిల్లలున్న కోన మనది," అంది. ఆమె వెనక నుంచి ఆమె కూతురు చుక్కి తొంగిచూసి, "తాతా, తొందరగా రా!" అంది.

అడవి అంచున జరిగే సంతలో ఉడుము దస్తగిరికి ఒక దుకాణం ఉండేది. పట్నంలో కంపెనీలవాళ్లు కొన్నేళ్లు వాడి తీసేసిన సామాను తెచ్చి అమ్మేవాడు. మాట మీద నిలబడే మనిషి. మనిషి అంటే ఉడుమే అనుకోండి. ఆరోజు అతని దగ్గర రెండు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి.

ఒకటి వెండిరంగుది. పల్చగా, తళతళలాడుతూ ఉంది. రెండోది నల్లది. ఇటుకంత లావు, మూత నిండా గీతలు, మీటల మీద అక్షరాలు సగం అరిగిపోయాయి.

"రెండూ ఒకే ధర," అన్నాడు దస్తగిరి. "తొందరపడకు. ఛార్జర్ పీకేసి, బ్యాటరీ మీద కాసేపు నడిపి చూసుకో. పాతవాటిలో ముందు చూడాల్సింది అదే. కూర్చో, నీళ్లు తాగు."

దుకాణం ముందున్న చెట్టు మీద కాకులు బారులు తీరి కూర్చున్నాయి. సంతలో ఎవరు ఏం కొన్నా ఒక మాట అనకపోతే వాటికి పొద్దుపోదు. కోదండానికి వాటి ముందు బేరం తెలియనివాడిలా కూర్చోవడం నామోషీ అనిపించింది.

"నాకు నేర్పుతావా దస్తగిరీ? చూస్తేనే తెలియడం లేదూ? ఆ నల్లదాన్ని తలుపుకు అడ్డం పెట్టుకో. మా కోనకు ఈ వెండిదే తగింది," అన్నాడు గట్టిగా, కాకులకు వినపడేలా.

"నీ ఇష్టం," అన్నాడు దస్తగిరి. "అయినా ఒక మాట. పున్నమి దాకా గడువిస్తున్నా. ఏ తేడా వచ్చినా తెచ్చి మార్చుకో. నల్లదాన్ని అప్పటిదాకా ఎవరికీ అమ్మను."

కోదండం తల ఎగరేసి వెళ్లిపోయాడు.

కోన మొదట్లో ఎవరో వదిలేసి పోయిన కాపలా గది ఒకటి ఉంది. దాంట్లో కరెంటు ఇంకా వస్తోంది. ల్యాప్‌టాప్‌ను అక్కడ పెట్టి ప్లగ్గు తగిలించగానే కొంగ డాక్టరు ముఖం వెలిగింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఎలుగుబంటి తన పంటినొప్పి చూపించుకుంది. కుందేలు తన చెవిపోటు చెప్పుకుంది. అందరూ కోదండాన్ని మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు కోదండం ఛార్జర్ పీకి చూశాడు. రెప్పపాటులో తెర నల్లబడింది. మళ్లీ తగిలించాడు, వెలిగింది. మళ్లీ పీకాడు, ఆరిపోయింది. బ్యాటరీ చచ్చి ఎన్నాళ్లయిందో ఏమో! పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

తప్పే జరిగింది. తప్పు ఎవరికైనా జరుగుతుంది. నలుగురినీ పిలిచి చెప్పి, మర్నాడు పట్టుకెళ్లి మార్చుకుంటే అక్కడితో పోయేది. కానీ కోదండానికి ముందు కళ్లలో మెదిలింది ఏమిటి? నల్లదాన్ని తలుపుకు అడ్డం పెట్టుకోమన్న తన మాట. చెట్టు మీది కాకులు. "మళ్లీ దాని కోసమే వచ్చాడర్రా!" అని అవి నవ్వే నవ్వు. ఆ నవ్వు తలుచుకుంటేనే తల కొట్టేసినట్టయింది.

మర్నాడు అందరికీ ఒక మాట చెప్పాడు. "కంపెనీ సరుకు ఇది. దీన్ని ప్లగ్గులోంచి తియ్యకూడదు. నేను తప్ప ఎవరూ ముట్టుకోవద్దు."

పట్నం చూసొచ్చినవాడు చెబితే కాదనేదెవరు? అందరూ నమ్మారు. అప్పటినుంచి కోదండం తేలు కుట్టిన దొంగలా ఆ గది చుట్టూనే తిరిగేవాడు.

రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ ఉండగానే పున్నమి వచ్చింది. ఇంక ఆగితే లాభం లేదని ల్యాప్‌టాప్‌ను టేకాకుల్లో చుట్టుకుని, శుభ్రం చేసి తెస్తానని చెప్పి సంతకు బయల్దేరాడు.

దుకాణం దగ్గరికి వచ్చేసరికి అక్కడ పక్క అడవి రాళ్లకోన నుంచి వచ్చిన ముళ్లపంది నారమ్మ కూర్చుని ఉంది. నల్ల ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ లేకుండా ముందు పెట్టుకుని, ఒక్కొక్క మీటా నొక్కి చూస్తోంది. కోదండం చప్పున పొద మాటుకు తప్పుకున్నాడు.

"పొద్దున్నుంచీ కూర్చుంది. కొనడానికి వచ్చిందా, కాపురం పెట్టడానికి వచ్చిందా?" అంది ఒక కాకి. చెట్టంతా నవ్వింది.

నారమ్మ తల కూడా ఎత్తలేదు. "నవ్వుకోండమ్మా, నవ్వుకోండి. నాకు దీని సంగతి ఏమీ తెలియదు. తెలియనప్పుడు కూర్చుని చూసుకోక ఏం చెయ్యను? దస్తగిరీ, ఇది ఇంకా ఆరిపోలేదు, మంచిదేనా?"

"చాలా మంచిది," అన్నాడు దస్తగిరి. "కానీ పొద్దుగూకే దాకా ఆగమ్మా. ఇప్పలకోన వాళ్లకు మాటిచ్చాను. వాళ్లు మార్చుకోవడానికి రాకపోతే నీకే ఇస్తాను."

కోదండం ఆ మాట చెవులారా విన్నాడు. పొద దాటి నాలుగడుగులు వేస్తే చాలు. ఒక కాలు ముందుకు పెట్టాడు కూడా. సరిగ్గా అప్పుడే కాకులు మళ్లీ ఘొల్లుమన్నాయి. అవి నవ్వింది నారమ్మను చూసే. కానీ కోదండం కాలు వెనక్కి వచ్చేసింది. పొద్దుగూకే దాకా ఆ పొదలోనే కుక్కిన పేనులా కూర్చుని, నారమ్మ నల్లదాన్ని వీపున కట్టుకుని వెళ్లిపోవడం చూశాడు. తరవాత తనూ ఇంటిదారి పట్టాడు.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం సూరమ్మ కేక కోనంతా వినిపించింది.

వాగు గట్టున చుక్కి కాలు వేటగాళ్ల ఉచ్చులో పడింది. ఉచ్చు అంటే సన్నని ఇనప తీగ. కొస చెట్టు మొదలుకు బిగించి ఉంది. పిల్ల గింజుకున్నకొద్దీ తీగ కండలోకి దిగుతోంది. ఎలుగుబంటి లాగబోతే ఇంకా బిగుసుకుంది.

"ఎవరూ లాగకండి!" అంది సూరమ్మ ఏడుస్తూ. "కోదండం మామా, ప్లగ్గులోంచి తీసైనా సరే, ల్యాప్‌టాప్ తీసుకురా! డాక్టరు చూసి చెబుతాడు."

"పిల్లనే గదికి తీసుకెళ్తే..." అని నసిగాడు కోదండం.

"ఎలా తీసుకెళ్తాం? కట్టేసి ఉంది కదా!"

కోదండం గదికి పరిగెత్తాడు. ప్లగ్గు పీకాడు. అనుకున్నట్టే తెర ఆరిపోయింది. ఆ చచ్చిన పెట్టెనే చంకన పెట్టుకుని వచ్చాడు. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. "ఇక్కడ సిగ్నల్ రావడం లేదు. పైకెక్కి చూస్తాను," అన్నాడు.

చెట్టెక్కి, ఆకుల మధ్య ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకుని, అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. కింద అందరూ తలలెత్తి అతన్నే చూస్తున్నారు. నల్లటి తెరలో అతనికి తన ముఖమే కనిపించింది. దాన్ని చూడలేక కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపు అలా నటించాడో అతనికే తెలియదు.

"తాతా, దొరికిందా?" అంది కింద నుంచి చుక్కి. గొంతు సగమే వచ్చింది.

ఇక కోదండం కూర్చోలేకపోయాడు. కిందికి దిగి అందరి ముందూ నిలబడ్డాడు. 

"సిగ్నల్ కాదు. దీనికి బ్యాటరీ లేదు. ప్లగ్గు తీస్తే పనిచెయ్యదు. నాకు ముందే తెలుసు. మీకు అబద్ధం చెప్పాను."

కోదండం ల్యాప్‌టాప్‌ను అక్కడే పడేసి, కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకుతూ రాళ్లకోన వైపు పోయాడు. నారమ్మ గుమ్మంలో కాళ్ల మీద పడ్డాడు.

"అమ్మా, నీ ల్యాప్‌టాప్ కావాలి. చుక్కి ప్రాణం పోయేలా ఉంది. మా దానికి బ్యాటరీ లేదు. సంతలో నీకంటే ముందు దీన్ని కాదన్నవాణ్ణి నేనే."

"ఆ మాటలన్నీ తరవాత. ఎత్తుకో, పద," అంది నారమ్మ.

నల్ల ల్యాప్‌టాప్ ఆ వాన తుంపరలో, ఆ బురద గట్టు మీద, ఏ ప్లగ్గూ లేకుండా వెలిగింది. కొంగ డాక్టరు కాలును దగ్గరగా చూపించమన్నాడు. "లాగొద్దు. ముడి ఎక్కడుందో చూడండి. దాన్ని వెనక్కి నెట్టాలి. వేళ్లున్నవాళ్లు ఎవరు?"

వేళ్లున్నది కోదండం ఒక్కడికే. డాక్టరు చెప్పినట్టల్లా ముడిని కొద్దికొద్దిగా నెట్టాడు. తీగ అంచుకు అతని వేళ్లు తెగాయి. చివరికి ఉచ్చు వదులైంది. చుక్కి తల్లి మెడ కిందికి దూరిపోయింది.

ప్రాణం దక్కింది. కానీ డాక్టరు కాలును చాలాసేపు చూసి గొంతు తగ్గించాడు. "నడుస్తుంది, కుంటు మాత్రం పోదు. తీగ నరం దాకా దిగింది. ఇంకొంచెం ముందుగా చూపించి ఉంటే బాగుండేది."

సూరమ్మ కూతురి గాయాన్ని నాకుతూనే అడిగింది. "మామా, అది పనిచెయ్యదని నీకెప్పుడు తెలిసింది?"

"కొన్న రోజే," అన్నాడు కోదండం.

"మార్చుకోవడానికి గడువు ఇవ్వలేదా?"

"పున్నమి దాకా ఇచ్చాడు."

"మరి ఎందుకు వెళ్లలేదు?"

కోదండం నేల చూపులు చూశాడు. ఎంత వెతికినా ఇంకో కారణం దొరకలేదు. ఉన్న కారణం చెప్పక తప్పలేదు.

"కాకులు నవ్వుతాయని," అన్నాడు.

సూరమ్మ తిట్టలేదు. అతని వైపు ఒకసారి చూసి, మళ్లీ కూతురి గాయం వైపు తిరిగింది. ఆమె నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని కోదండం ఆ తరవాత ఎన్నిసార్లు అనుకున్నాడో!

అప్పటినుంచి రెండు కోనలవాళ్లూ వైద్యానికి నారమ్మ దగ్గరికే వెళ్లేవారు. వెళ్లినవాళ్లు తేనో దుంపలో పట్టుకెళ్లేవారు. నారమ్మ ఇల్లు కళకళలాడింది, ఆమె పిల్లలకు ఏ లోటూ లేకపోయింది. ఏం కొనాలన్నా అందరూ ఆమెనే సలహా అడిగేవారు. కోదండాన్ని ఎవరూ వెలివెయ్యలేదు. అలాగని ఏదీ అడిగేవారూ కాదు.

అడిగేది ఒక్క చుక్కి మాత్రమే. వాగు దగ్గరికి రాగానే కుంటుకుంటూ వచ్చి, "తాతా, నన్ను దాటించవా?" అనేది. జరిగినదంతా దానికి తెలుసు. అయినా దాని గొంతులో కోపం ఉండేది కాదు. కోదండం దాన్ని ఎత్తుకుని వాగు దాటించేవాడు. అవతలి గట్టున దించాక అది కుంటుకుంటూ పోతుంటే, ఒక్కరోజు కూడా తలెత్తి చూడలేకపోయాడు.

నీతి: తప్పు చేసి ఒప్పుకుంటే నలుగురూ నవ్వి ఊరుకుంటారు, నవ్వుతారని దాచిపెడితే ఆ తప్పుకు మరొకరు బలవుతారు.