వద్దంటే వెళ్ళిపోయిన గారెలు

విందు చెడింది. వంట బాగానే కుదిరింది. అతిథులే ఆకలితో లేచిపోయారు.

లేచింది మామూలు అతిథులా? సన్నేరనే ఏటికి అవతలి గట్టును ఏలే గుండమరాజు, ఆయన పరివారం. ఇవతలి గట్టు రాజు అనంగరాజు పిలిచి మరీ పెట్టిన విందు అది.

ఆ రెండు గట్ల మధ్య నీళ్ళు తక్కువ, మాటలు ఎక్కువ. "ఆ గట్టువాళ్ళా? గుసగుసలాడితే ఊరు లేస్తుంది. పక్కవాడి ఆకు కూడా ఖాళీ చేస్తారు" అని ఇటువాళ్ళు. "ఈ గట్టువాళ్ళా? గోడ తగిలితే గోడకి క్షమాపణ చెబుతారు. ముమ్మారు వద్దని, నాలుగోమారు గంగాళం మింగుతారు" అని అటువాళ్ళు.

మర్నాడు పొద్దున అనంగరాజు కొలువులో నిప్పులు తొక్కాడు.

"వండినదంతా వండినట్టే మిగిలింది! మన అన్నం ముట్టనివాళ్ళతో మనకి రాకపోకలేమిటి? వాళ్ళ పడవ కదలగానే రేవు మూయించేస్తాను!"

రాణివాసంలో విందుల పెత్తనం చేసే గౌరసాని ఆ మాట వింది. ఆవిడ మెట్టినిల్లు ఈ గట్టు. పుట్టిల్లు ఆ గట్టు. రేవు మూస్తే అమ్మ ముఖం మళ్ళీ చూడటమన్నది లేదు.

మర్యాదల మంత్రి వల్లభయ్య ఉత్తరీయం సర్దుకుని లేచాడు.

"మహాప్రభూ, నిన్నటి విందు పెత్తనం ఎవరిది? గౌరసానిది. ఆవిడ పుట్టింది ఎక్కడ? ఇంకా నా నోటితో చెప్పాలా?"

"చెప్పేశారుగా వల్లభయ్యగారూ, ఇంకేం మిగిల్చారు?" అంది గౌరసాని. రాజు వైపు తిరిగింది. "ప్రభూ, వాళ్ళు సెలవు తీసుకోవడానికి కొలువుకి వస్తారు. అందాకా నాకు గడువివ్వండి. తప్పు ఎక్కడుందో పట్టిస్తాను."

"పట్టించకపోతే?"

"ఆ పడవలోనే నన్నూ పంపేయండి."

అక్కడినుంచి తిన్నగా రేవుకి వెళ్ళింది. అవతలి గట్టు దండనాయకులు ఒక ముసలమ్మ చుట్టూ మూగి, మరమరాల గంప అడుగు గీకుతున్నారు. ఒకాయన గంప తిరగేసి దులుపుతున్నాడు.

"ఇదా సంగతి!" అనుకుంది గౌరసాని. నిన్న గారెలు వద్దన్నది ఈ పెద్దమనిషే. అదీ కొత్త పెళ్ళికూతురిలా తల వంచుకుని! ఆవిడ పుట్టింట్లో ఎవరైనా గారె వద్దంటే ముందు వైద్యుణ్ణి పిలుస్తారు.

కొలువు తీరింది. అవతలివాళ్ళు చేతులు కట్టుకుని పిల్లుల్లా కూర్చున్నారు. గుండమరాజు అంతటివాడు ఎలుక గొంతుతో "సెలవిప్పించండి" అన్నాడు. ఇవతలి సామంతులు మాత్రం కాళ్ళు బారచాపి, ఒకరి మీద ఒకరు కేకలేసుకుంటున్నారు.

గౌరసాని తాంబూలం పళ్ళెం పట్టుకుని మధ్యలోంచి నడిచింది. దారిలో ఇవతలి సామంతుడు కొమ్మయనాయుడి కాలు కసుక్కున తొక్కింది.

అప్పటిదాకా బొబ్బలు పెడుతున్న కొమ్మయ చటుక్కున చేతులు జోడించాడు. "అయ్యయ్యో, క్షమించమ్మా! నా కాలే నీ దారికి అడ్డొచ్చింది. నీ పాదం నొచ్చిందేమో?"

గౌరసాని ఆగలేదు. గుండమరాజు దగ్గరికి వెళ్ళి, పళ్ళెం వంచుతూ, ఆయన కాలు కూడా తొక్కింది. ఒళ్ళు బరువంతా వేసి మరీ తొక్కింది.

"ఓయమ్మోయ్!" గుండమరాజు కేకకి చూరులో పావురాలు లేచిపోయాయి. "కళ్ళు నెత్తికెక్కాయా? అది కాలా, రోకలా?"

వల్లభయ్య ఎగిరి గంతేశాడు. "రాజుగారి కాలు తొక్కింది! తల తీయించండి ప్రభూ!"

గౌరసాని పళ్ళెం కింద పెట్టి, గుండమరాజుకి తల వంచి దండం పెట్టింది.

"మా పుట్టింటి గొంతు విని ఎన్నాళ్ళయింది ప్రభూ! నిన్న విందులో ఈ గొంతు ఎక్కడ దాచారు?"

గుండమరాజు కాలు రుద్దుకుంటూ అసలు గొంతుతోనే అందుకున్నాడు.

"దాచక ఏం చెయ్యనమ్మా? మీ గట్టు మర్యాదట! ముమ్మారు వద్దనాలి, నాలుగోమారు తినాలి అని మా మర్యాదల గురువు నెల్లాళ్ళు నేర్పాడు. నేను ఒక్కసారి వద్దన్నానో లేదో, గారెల బుట్ట వెళ్ళిపోయింది! మళ్ళీ తిరిగి చూస్తే ఒట్టు!"

అనంగరాజు సింహాసనం మీంచి సగం లేచాడు. "మీవాళ్ళు వద్దంటే వద్దనేనట! రెండోసారి అడిగితే తిట్టినట్టేనని మా వల్లభయ్య చెప్పాడు! మీకు కొత్తగా ఉండకూడదని మావాళ్ళకి కేకలెయ్యడం కూడా నేర్పించాడు!"

"ఆ కేకలు మా కోసమా? మమ్మల్ని వెక్కిరిస్తున్నారనుకున్నాం!"

రాజులిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు గాని, నవ్వు కొలువంతా పాకింది. నవ్వుతూ నవ్వుతూ కొమ్మయ పక్కవాడి మీద పడి, అతనికి క్షమాపణ చెప్పాడు. దాంతో మళ్ళీ నవ్వు.

గుండమరాజు కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంతకీ ఆ గారెలు ఏమయ్యాయమ్మా?"

"నిన్నే పెరుగులో ఊరబెట్టించాను ప్రభూ. ఇప్పటికి దూదిలా నాని ఉంటాయి. తెప్పించనా, వద్దా?"

"ఇంకోసారి ఆ మాటన్నావో, నేనే నీ కాలు తొక్కుతాను!"

రేవు మూసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అనంగరాజు బంగారు గండపెండేరం తెప్పించి, గౌరసాని కాలికి, ఆ తొక్కిన కాలికే, తొడిగించాడు. "ఆ కాలితోనే ముందు మా గట్టు మీద అడుగు పెట్టాలి" అన్నాడు గుండమరాజు, నోటినిండా ఆవడతో. మర్యాదల మంత్రి పదవి కూడా ఆవిడదే అయింది. వల్లభయ్యకి వడ్డన పని అప్పగించారు, వద్దన్నా వెయ్యాలన్న ఆజ్ఞతో.

ఆ పూటే గౌరసాని ఒక నిశ్చయం చేసుకుంది. "వాళ్ళు అలాంటివాళ్ళట" అని ఎవరు చెప్పినా, కాలు తొక్కి చూడందే నమ్మకూడదని. ఆ మాట చివరిదాకా తప్పలేదు. గండపెండేరం ఘల్లుమంటే చాలు, ఏ దేశపు రాయబారైనా కాళ్ళు పీట మీదికి ముడుచుకునేవాడు.