వైనతేయ బ్యాంకు తలుపులు

ఎవరైనా చిక్కు ప్రశ్న వేస్తే సోమయాజులుగారు శాస్త్రం తీసేవారు కాదు. ఎవరికో జరిగిన సంగతి చెప్పేవారు.

ఒకనాటి పాఠమయ్యాక శిష్యుడు గున్నేశ్వరరావు అడిగాడు. అతను వకీలు.

"గురువుగారూ, మనల్ని నమ్ముకున్నవాళ్ళు చెదిరిపోకుండా ఉండాలంటే నిజాన్ని కొన్నాళ్ళు దాచవచ్చునా?"

సోమయాజులుగారు చెప్పిన సంగతి ఇది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో కోనసీమలో కొబ్బరికి మంచి ధర పలికింది. రైతుల చేతుల్లో నాలుగు డబ్బులు ఆడాయి. అప్పు కావాలంటే మాత్రం షావుకారు చెప్పిందే వడ్డీ. గుండిమెడ నరసింగరావు పంతులు అది చూడలేక వైనతేయ బ్యాంకు పెట్టాడు. పడవెక్కి లంక లంకకూ తిరిగి, "మన డబ్బు మన నేలమీదే పండాలి" అని చెప్పాడు. అందరికంటే ముందు ఆయన అక్క సుభద్రమ్మ తన గాజులమ్మి సొమ్ము దాచింది. ఆవిడ దాచుకుందంటే భయం లేదని బడిపంతుళ్ళు, పడవలు నడిపే సరంగులు, వితంతువులు వరసకట్టారు. పదేళ్ళు తిరక్కుండా ఊరూరా శాఖలు వెలిశాయి. నరసింగరావు వీధిలో నడుస్తుంటే అరుగులమీది వాళ్ళు లేచి నిలబడేవారు.

తరవాత ధరలు కూలాయి. కాయ దింపిన కూలి కూడా గిట్టలేదు. అప్పు తీసుకున్నవాళ్ళు తీర్చలేకపోయారు. తాకట్టు భూములను కొనే నాథుడు లేడు. ఒక శాఖలో చెక్కు తిప్పి పంపారన్న వార్త పొక్కింది. మర్నాడు పొద్దున్నకల్లా బ్యాంకు ముందు వీధి నిండిపోయింది.

లోపల డైరెక్టర్లు నరసింగరావుకు ఉపాయం చెప్పారు. "అక్కగారు మెట్లమీదికొచ్చి, నా సొమ్ము ఇక్కడే ఉంచుతున్నానని ఒక్కమాట అంటే చాలు, జనం ఇళ్ళకు పోతారు. ఈలోగా మనవాళ్ళ సొమ్ము మెల్లగా బయటికి..." అంటూ ఒకాయన గొంతు తగ్గించాడు.

నరసింగరావు అక్కను పిలిపించి సంగతి చెప్పాడు.

ఆవిడ కొంగు సర్దుకుని లేచింది. "దానికేం, చెబుతాను. అది నిజమేనా తమ్ముడూ?"

ఆయన ఎదుటనున్న లెక్కల పుస్తకం మూసి పక్కకు నెట్టాడు.

"నువ్వే నోరు విప్పకపోతే నేనేం చెప్పనురా?" అంది సుభద్రమ్మ.

ఆయన ఒక్కడే బయటికొచ్చి మెట్లమీద నిలబడ్డాడు. "అందరికీ ఇవ్వడానికి సరిపడా డబ్బు లేదు. ఉన్నది ముందున్నవాళ్ళకు ఇచ్చేస్తే వెనకవాళ్ళకు మట్టే మిగులుతుంది. అందుకని ఇప్పుడే తలుపులు మూస్తున్నాను. ఉన్నదేదో అందరిదీ. నా ఇల్లు కూడా అందులోదే" అన్నాడు.

జనం మీదపడ్డారు. ఓలేటి సింహాద్రి అనే సరంగు ఆయన ఉత్తరీయం లాగి చింపి ముఖాన ఉమ్మాడు. నరసింగరావు తుడుచుకున్నాడే గాని అక్కణ్ణుంచి కదల్లేదు. కోర్టువారు అన్నీ అమ్మించగా రూపాయికి ఆరణాలు వచ్చాయి. సుభద్రమ్మా వరసలో నిలబడి ఆ ఆరణాలే తీసుకుంది. అక్కాతమ్ముళ్ళు అద్దె ఇంటికి మారారు. ఆయన్ను చూసి అరుగుమీంచి లేచేవాళ్ళు లేకపోయారు.

కొన్నేళ్ళకు సింహాద్రికీ అతని అన్నదమ్ములిద్దరికీ పడవల పంపకంలో గొడవ వచ్చింది. పెద్దమనుషులు చెప్పిన మాట ఎవరూ వినలేదు. ఒకనాడు ముగ్గురూ నరసింగరావు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. సింహాద్రి తలెత్తకుండానే, "మీరెలా పంచితే అలా తీసుకుంటామండి" అన్నాడు.

సోమయాజులుగారు అక్కడికి ఆపారు. గున్నేశ్వరరావుకు తృప్తి కలగలేదు.

"ఆ పూట అక్కగారు ఆ ఒక్కమాట అనేసి ఉంటే బ్యాంకు నిలిచేదేమో కదండీ?"

"నిలిచేదేమో," అన్నారు సోమయాజులుగారు లేస్తూ. "అది బ్యాంకు సంగతి. నువ్వడిగింది నమ్మకం సంగతి కదటయ్యా?"